చదరంగ యంత్రములు – విద్యాగోపనము

చదరంగము మన దేశమున పుట్టిన ఆట. చతురంగబలములను గళ్లమీద నిలిపి యుద్ధము నడపు ఈ విద్య ఇచ్చటినుండి పారసీకమునకును, అచ్చటినుండి అరబ్బుల మూలమున ఐరోపాకును పోయినదని చరిత్రకారులలో పెక్కురు అంగీకరించుచున్నారు. ఆ ఆటను ఆడు యంత్రములు మాత్రము పరదేశములలో పుట్టినవి. వానిని గూర్చి మన పత్రికలలో వచ్చు వార్తలు సాధారణముగా ఒక్క ప్రశ్న చుట్టునే తిరుగుచుండును: మనుష్యుడు గెలిచెనా, యంత్రము గెలిచెనా? ఆ వ్యాజ్యమునకు తీర్పు వచ్చి చాల కాలమైనది. 1997 మే నెలలో న్యూయార్కు నగరమున ఐబీఎం సంస్థవారి డీప్ బ్లూ అను యంత్రము నాటి ప్రపంచవిజేతయగు గ్యారీ కాస్పరోవును 3.5–2.5 తేడాతో ఓడించెను. నేడు జేబులో నిముడు టెలిఫోనులోని ప్రోగ్రామునకు ఎదురు నిలువగల ఆటగాడు భూమిమీద లేడు.

తీర్పు వెలువడిన వ్యాజ్యమును మఱల వాదించుటవలన ఫలము లేదు. మనము అడుగవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. ఆ యంత్రము లోపల ఏమున్నదో ఎవ్వ రెఱుగుదురు? ఎఱిగినవారు లోకమునకు చెప్పిరా, తమలోనే దాచుకొనిరా? చదరంగ యంత్రముల చరిత్రను ఈ ప్రశ్నతో పరిశీలించినచో ఒక సత్యము గోచరించును. తెఱచి చూపిన యంత్రములకు సంతానము కలిగినది. మూసి దాచిన యంత్రములు తమ యజమానుల ఉత్సాహముతోపాటు చల్లారినవి. ఈ సత్యమునకును మన విద్యాలయములకును సంబంధ మున్నది గనుకనే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

మొదటి చదరంగ యంత్రము మోసము. 1770లో వియన్నా నగరమున కెంపెలెన్ అను నతడు మేరియా థెరీసా రాణి సమక్షమున ఒక పెట్టెను ప్రదర్శించెను. పెట్టె వెనుక తలపాగా చుట్టిన తురుష్కుని బొమ్మ కూర్చుండి పావులను జరుపుచుండెను. ఆట ఆరంభమునకు ముందు పెట్టె తలుపులు తెఱచి లోపలి చక్రములను చూపెడివారు. చూచినవారు ఆశ్చర్యపడెడివారు. చక్రముల వెనుక నేర్పరియగు మనుష్యు డొకడు దాగియుండి ఆట నడపుచుండెను. 1854లో ఫిలడెల్ఫియాలో అగ్నికి ఆహుతియగువఱకు ఆ పెట్టె రెండు ఖండములను మోసగించినది. నిజమైన యంత్రమును చేసినవాడు స్పెయిను దేశీయుడగు టోరెస్ క్వెవెడో. 1912లో అతడు చేసిన విద్యుద్యంత్రము తెల్లరాజు, ఒక ఏనుగు తన పక్షమున నుంచుకొని, ఎదుటివాని ఒంటరి నల్లరాజును తప్పక కట్టివేయుచుండెను. ఆడినది మూడు పావులతోనే. కాని అందులో మోసము లేదు. తీగలును, అయస్కాంతములును తామే ఎత్తును నిర్ణయించెను.

పూర్తి ఆటకు త్రోవ చూపినది క్లాడ్ షానన్ అను అమెరికా గణితజ్ఞుడు 1950లో ప్రకటించిన వ్యాసము. యంత్రము చేయవలసిన పనులు మూడు. పలకమీది స్థితిలో ఏయే ఎత్తులు సాధ్యములో జాబితా వేయవలెను. ఆ ఎత్తులకు ఎదుటివాడు ఏమి చేయును, దానికి మన మేమి చేయుదుము అని ముందునకు వెదకవలెను. చివరకు చేరిన స్థితి మనకు మేలా, కీడా అని వెల కట్టవలెను. ఇవి వినుటకు తేలికగనే యున్నవి. కష్టము లెక్కలో నున్నది. ఆట మొదట తెల్లపక్షమునకు 20 ఎత్తులు సాధ్యము. ఇరుపక్షములును చెరియొక ఎత్తు వేయునప్పటికి 400 మార్గములగును. మూడవ ఎత్తునకు 8,902, నాలుగవదానికి 1,97,281, ఐదవదానికి 48,65,609. ఇంకను ఎవ్వరి సేనయు తన ముంగిలి దాటలేదు!

సాధారణ కంప్యూటరు ఈ పనిని ఒంటి గుమాస్తా దస్తావేజుల కట్టను విప్పినట్లు చేయును. ఒక పావును చూచి, దాని గడిని చూచి, ప్రక్క గడిని చూచి, అది ఖాళీయా అని అడిగి, మఱల ముందునకు పోవును. గుమాస్తా ఎంత చురుకైనవాడైనను ఒకసారి ఒక కాగితమునే చూడగలడు. ఇచ్చట కొందఱికి ఒక యోచన తోచెను. అరువదినాలుగు గళ్లకు అరువదినలుగురు గుమాస్తాలను ఏల నియమింపరాదు? అనగా ప్రతి గడిని ఒక విద్యుత్ వలయముగా చేసినచో, అన్ని గళ్లును ఒక్కసారిగా సమాధానము చెప్పునుగదా! ప్రోగ్రామును వ్రాయుటకు బదులు చదరంగమునే లోహముగా పోతపోయు ఈ పద్ధతి అటు పిమ్మటి రెండు దశాబ్దములు ఈ విద్యను ఏలినది.

ఆ పద్ధతికి ఆదిపురుషులు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన కెన్ థాంప్సన్, జో కాండన్ అను ఇరువురు. వారి యంత్రము పేరు బెల్. మొదట 25 చిప్పులతో ఆరంభించి, పిదప 325కును, తుదకు 1,700కును పెంచిరి. దాని ఎత్తులు వెదకు భాగము పనిచేయు విధము మిక్కిలి రమ్యమైనది. ప్రతి గడియందును ఒక చాటించు వలయమును, ఒక ఆలకించు వలయమును ఉండును. మన పావు లున్న గళ్లన్నియు తమ తమ స్వభావమునుబట్టి దాడి సంకేతమును చాటించును. ఏనుగు నిలువునను అడ్డముగను, శకటు మూలలకు, గుఱ్ఱము తన వంకర అడుగున. ఖాళీ గడి ఆ సంకేతమును ముందునకు పోనిచ్చును. పావున్న గడి ఆపివేయును. సంకేతము సోకిన శత్రువు లందఱు ఒక్కసారిగా చేయెత్తుదురు. వారిలో మిక్కిలి విలువగలవానిని వేఱొక వలయము ఎన్నుకొనును. పిదప ప్రశ్న తలక్రిందులగును. ఎన్నుకొనబడిన గడి తానే అన్ని దిక్కులకును సంకేతమును పంపి, నన్ను కొట్టగలవా రెవ్వరని అడుగును. సమాధాన మిచ్చినవారిలో అల్పమైన పావును ముందు పంపుదురు. బంటుతో మంత్రిని కొట్టుట మేలుగదా! సెకనునకు సుమారు 1,60,000 స్థితులను పరిశీలించిన ఆ యంత్రము 1980లో ఆస్ట్రియా దేశపు లింజ్ నగరమున ప్రపంచ కంప్యూటరు చదరంగ పోటీలో గెలిచినది. 1983లో అమెరికా చదరంగ సంఘమువారి మాస్టరు బిరుదమును మొట్టమొదట పొందిన యంత్రమును అదియే.

ఈ యంత్రమునకు 1982లో జరిగిన ఒక సంఘటన తెలుసుకొనదగినది. దానిని ఆడించుటకు సోవియట్ దేశమునకు తీసికొనిపోవుచుండగా న్యూయార్కులోని కెన్నెడీ విమానాశ్రయమున ప్రభుత్వాధికారులు పట్టి నిలిపివేసిరి. శత్రుదేశమునకు విద్య తరలిపోవునని వారి భయము. విడిపించుకొనుటకు నెలకు పైగా పట్టినది; 600 డాలర్ల జుల్మానాయు చెల్లింపవలసి వచ్చినది. వింత యేమనగా, అదే 1982లో కాండన్, థాంప్సన్ పండితులు ఆ యంత్రపు నిర్మాణమును వివరించుచు వ్యాసమును ప్రకటించిరి. పెట్టెను ఆపినవారు విద్యను ఆపలేకపోయిరి. పెట్టె విమానాశ్రయపు గిడ్డంగిలో నుండినను, దానిలోని భావము కాగితముమీద లోకమంతయు సంచరించినది.

సంచరించిన భావము ఫలించుటకు ఎంతో కాలము పట్టలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఫెంగ్ షుంగ్ షూ అను తైవాను దేశపు విద్యార్థి బెల్ యంత్రపు ఎత్తుల వలయమును ఆధారముగా గొని, దానినంతను ఒక్క చిప్పులో నిమిడ్చెను. 1986లో చిప్‌టెస్ట్ అను యంత్రము వెలసెను. భారతసంతతివాడగు థామస్ అనంతరామనును, మర్రే క్యాంబెల్ అను కెనడా దేశీయుడును అతనికి తోడైరి. 1988లో వారి డీప్ థాట్ యంత్రము పోటీ ఆటలో బెంట్ లార్సెన్ అను డెన్మార్కు గ్రాండుమాస్టరును ఓడించెను. మఱుసటి సంవత్సరము షూ ఐబీఎం సంస్థలో చేరెను. ఆ పరంపరలోనిదే డీప్ బ్లూ: అందులో 480 చదరంగ చిప్పులు, సెకనునకు సుమారు 20 కోట్ల స్థితులు. కాస్పరోవును ఓడించిన యంత్రమునకు తాత ఇరువురు మిత్రులు చేతితో తీగలు కలిపి చేసి, దాచక చెప్పిన యంత్రమని మనము మఱవరాదు.

అయితే డీప్ బ్లూ కథ విజయముతో ముగిసిపోయినది. కాస్పరోవు మఱల ఆడుద మనెను, సంస్థ ఒప్పుకొనలేదు. యంత్రమును విప్పివేసిరి. దాని భాగములు నేడు అమెరికాలోని ప్రదర్శనశాలలలో ఉన్నవి. దానిని గూర్చి వ్యాసములు రాకపోలేదు. కాని వ్యాసమును చదివినవాడు ఆ చిప్పును తాను చేసికొనగలడా? చిప్పును పోతపోయించుటకు కర్మాగారము కావలెను. అపారమైన ధనము కావలెను. తప్పు దొరలినచో మఱల మొదటినుండి పోయింపవలెను. 1996లో ఫిలడెల్ఫియాలో ఓడిన పిదప షూ పండితుడు తన చిప్పును సరిదిద్దుటకు అంతటి సంస్థ అండ కావలసి వచ్చెను. ఎంత తెఱచి చెప్పినను సామాన్యునికి అందని విద్య అది.

ఆ అడ్డును తొలగించినదే మార్చుకొనదగిన తర్కవలయము. ఎఫ్‌పీజీఏ అని దానికి వాడుక పేరు. జైలింక్స్ అను అమెరికా సంస్థ 1985లో ఈ జాతిలో మొదటి చిప్పును వెలువరించెను. అందు 64 చిన్న తర్కఖండములు వరుసకు ఎనిమిది చొప్పున ఎనిమిది వరుసలుగా నుండెను. చదరంగపు గళ్లును అన్నియే యగుట కేవలము కాకతాళీయము. ఒక్కొక్క ఖండమును జవాబుల పట్టిక యనవచ్చును. నాలుగు తీగలమీద వచ్చు అవును–కాదు సంకేతములు పదునారు విధములుగా కూడును. ఏ కూడికకు ఏ జవాబు చెప్పవలెనో పట్టికలో వ్రాసిపెట్టినచో ఆ ఖండము అట్లే నడచుకొనును. పట్టికను మార్చినచో ఖండపు స్వభావము మాఱును. ఖండములను కలుపు తీగల కూడళ్లును అట్లే మార్చుకొనదగినవి. ఈనాటి చిప్పులలో ఇట్టి ఖండములు వేలు, లక్షలు. రూపకర్త తన వలయమును ఒక ప్రత్యేక భాషలో వ్రాసి కంప్యూటరునకు ఇచ్చినచో, అది పట్టికలనన్నిటిని నింపి చిప్పునకు పంపును. ఉదయమున చదరంగ మాడిన చిప్పు సాయంకాలము వేఱొక పని చేయగలదు. తప్పు దొరలినచో మఱల వ్రాసికొనిన చాలును. పోతపోసిన విగ్రహమునకును, బంకమట్టి బొమ్మకును గల భేదమే ఈ రెండు చిప్పులకును గలదు.

ఈ సాధనముతో జరిగిన మహాప్రయత్నము హైడ్రా. క్రిల్లీ డానింగర్ అను ఆస్ట్రియా దేశీయుడును, ఉల్ఫ్ లోరెంజ్ అను జర్మను పండితుడును దాని రూపకర్తలలో ముఖ్యులు. అబూధాబిలోని పాల్ అను వ్యాపారకూటము పోషకులు. సాధారణ కంప్యూటరులు మీది యోచనను నడుపగా, వానికి తగిలించిన ఎఫ్‌పీజీఏ పలకలు చివరి కొన్ని ఎత్తుల వెదకులాటను, వెల కట్టుటను చూచుకొనుచుండెను. ఒక్క స్థితిని పరిశీలించుటకు తమ వలయమునకు 9 గడియార స్పందనలకు మించి పట్టదనియు, సాధారణ కంప్యూటరునకు కనీసము 6,000 పట్టుననియు వారు 2004లో అంచనా వేసిరి. చిప్పు స్పందనవేగ మెంతో తక్కువైనను ఆ యంత్రము గెలుచుటకు ఇదియే కారణము. 2005 జూను నెలలో లండను నగరమున హైడ్రా బ్రిటిషు గ్రాండుమాస్టరు మైకేల్ ఆడమ్స్‌తో ఆరు ఆటలాడి 5.5–0.5 తేడాతో గెలిచెను. కొన్ని సంవత్సరములు గడచునప్పటికి పోషణ నిలిచినది, యంత్రమును నిలిచినది. దాని వలయముల వ్రాత లోకమునకు అందలేదు. మార్చుకొనదగిన చిప్పులో నివసించిన విద్య, ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి మారుటకు అన్ని విధముల అనువైన విద్య, ఒక ఇంటి గోడలలోనే ముగిసినది. విద్యను ఒరులకు చెప్పక దాచినవాడు బ్రహ్మరాక్షసుడై చెట్టు పట్టుకొని వ్రేలాడునని మన పెద్దలు చెప్పుదురు. వారు ఉత్తి భయపెట్టుటకే చెప్పలేదని హైడ్రాను చూచినపుడు తోచును.

ఇచ్చట ప్రతివాదులు రెండు ఆక్షేపణలు చెప్పుదురు. వానిని ఆలకించుట న్యాయము.

మొదటి ఆక్షేపణ: నేడు సాధారణ కంప్యూటరులో నడచు స్టాక్‌ఫిష్ అను ప్రోగ్రాము హైడ్రాను సులభముగా ఓడింపగలదు; ఇక ప్రత్యేక వలయములతో పనియేమి? సంగతి నిజమే. కాని స్టాక్‌ఫిష్ ఏల అంత బలపడినదో విచారింపుడు. నార్వే దేశీయు డొకడు తన ప్రోగ్రామును దాచక ప్రకటించెను. ఇటలీ దేశీయు డొకడు దానినుండి 2008లో స్టాక్‌ఫిష్‌ను తీసెను. 2013నుండి లోకమందలి స్వచ్ఛందసేవకులు తమ కంప్యూటరుల తీరిక వేళలను దానికి దానముచేసి, ప్రతి మార్పును వేలకొలది ఆటలలో పరీక్షించుచున్నారు. జపాను దేశీయు డొకడు తమ దేశపు షోగి ఆటకొఱకు 2018లో కనిపెట్టిన విధానమును 2020లో దానిలో చేర్చిరి. అనగా యంత్రబలము ఓడిపోయినది వేఱొక యంత్రబలము చేతిలో గాదు. నలుగురు పంచుకొనిన విద్య చేతిలో. ఈ ఆక్షేపణ నా వాదమునకే సాక్ష్యము చెప్పుచున్నది. మఱియొక మాట. 2017 డిసెంబరులో గూగులు సంస్థకు చెందిన డీప్‌మైండు వారు ఆల్ఫాజీరో అను దానిని లోకమునకు ప్రకటించిరి. అది స్టాక్‌ఫిష్‌తో నూఱు ఆటలాడి, ఒక్కటియు ఓడక 28 గెలిచెను. దానికి ప్రాణము ఆ సంస్థ తనకొఱకు ప్రత్యేకముగ చేయించుకొనిన చిప్పులు. కావున ప్రత్యేక వలయముల యుగము ముగియలేదు. రూపము మార్చుకొని మఱల వచ్చినది. ఆల్ఫాజీరో ప్రోగ్రామును ఆ సంస్థ బయట పెట్టలేదు. కాని దాని పద్ధతిని వ్యాసముగా ప్రకటించుటచేత, 2018లో స్వచ్ఛందసేవకులు లీలా అను ప్రోగ్రామును తామే నిర్మించుకొనిరి. 2019లో అది కంప్యూటరుల పోటీలో స్టాక్‌ఫిష్‌నే ఓడించినది. తెఱచినంతవఱకే పండినది, మూసినంతవఱకు ఎండినది.

రెండవ ఆక్షేపణ బలమైనది: శ్రమపడి చేసినవాడు దానిమీద బ్రతుకవలదా? అందఱికి చెప్పివేసినచో అతని కూటికి దారి యేది? న్యాయవాదులకు ఇది పరిచితమైన ప్రశ్న. దీనికి సమాధానము శాసనములోనే ఉన్నది. పేటెంటు హక్కు దాచుకొనుటకు ఇచ్చిన హక్కు కాదు. నీవు కనిపెట్టినదానిని పూర్తిగా వివరించి వ్రాసియిమ్ము, అందులకు ప్రతిగా 20 సంవత్సరములు నీకే ఏకభోగ్యముగా నిత్తుము అని ప్రభుత్వము చేయు ఒడంబడిక అది. చిప్పులలోని వలయముల అమరికకు మన దేశమున 2000 సంవత్సరపు శాసనముచేత 10 సంవత్సరముల రక్షణ గలదు. పరిశోధనకొఱకును, బోధనకొఱకును వానిని పరిశీలించువారిని అదే శాసనము మినహాయించినది. శాసనకర్తల ఉద్దేశము స్పష్టము. కర్తకు కొంతకాలము కూడు, లోకమునకు శాశ్వతముగ విద్య. తెఱచి యిచ్చువారికిని శాసనము కాపుండును. స్టాక్‌ఫిష్ వ్రాతను తీసికొని, దాని షరతులను పాటింపక అమ్మిరని కర్తలు 2021లో జర్మనీ సంస్థ యొకదానిపై మ్యూనికు న్యాయస్థానమున దావా వేసిరి. 2022 నవంబరులో అది రాజీతో ముగిసినది. ఇట్టి షరతులు తప్పకుండ చూచుటకు ఒక అధికారిని నియమించుటకు ఆ సంస్థ ఒప్పుకొనెను. దానమిచ్చినది నిరాధారమైన సొత్తు కాదని, దానికిని షరతులు గలవని అందఱికిని తెలిసినది.

ఇక మన సంగతి. తెలుగుబిడ్డలు పలకమీద చదరంగమున దేశమునకు కీర్తి తెచ్చుచున్నారు. కోనేరు హంపి 2019లోను, 2024లోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీలలో విజేత. 2024 డిసెంబరులో సింగపూరున, పదునెనిమిదేండ్ల ప్రాయమున ప్రపంచవిజేత యైన దొమ్మరాజు గుకేశ్ చెన్నపురి తెలుగు కుటుంబమువాడు. ఓరుగల్లు వాడగు ఎరిగైసి అర్జున్ పేరు ఎఱుగనివారు లేరు. చిప్పుల విద్యలోను మనవారు వెనుకబడలేదు. ఎఫ్‌పీజీఏలకు ఆద్యమైన జైలింక్స్ సంస్థకు హైదరాబాదున పెద్ద కేంద్ర ముండెను. 2022లో ఆ సంస్థ ఏఎండీలో కలిసినది. మన యువకులు అచ్చట పనిచేసిరి, చేయుచున్నారు. అయితే అట్టి కేంద్రములలో ఒక్కొక్కరికి లభించునది ఒక్కొక్క భాగము. మొత్తము యంత్రమును ఊహించి, నిర్మించి, తప్పు దిద్ది, నాది అని లోకమునకు చూపు అవకాశము అరుదు. రథమునకు చీలలు కొట్టు చేతులు మనవి. రథము ఎచ్చటికి పోవలెనో చెప్పు నోరు వేఱొకరిది.

ఈ లోపమును కర్మాగారములు లేవను మాటతో సమర్థించుకొనుటకు ఇక వీలులేదు. మార్చుకొనదగిన చిప్పు ఆ నెపమును తీసివేసినది. చిన్న ఎఫ్‌పీజీఏ పలక నేడు కొన్ని వేల రూపాయలకు దొరకును. మన ఇంజనీరింగు కళాశాలలలో ఆ భాషను నేర్పుచునే యున్నారు. కాని విద్యార్థి సాధారణముగా అందు చేయునది కూడికల వలయమో, నాలుగు రోడ్ల కూడలిలోని దీపములను వెలిగించు వలయమో! పరీక్ష ముగిసినతోడనే దానిని మఱచును. అందులకు బదులు చదరంగపు ఎత్తుల వలయమును చేయించుటకు అడ్డేమి? అరువదినాలుగు గళ్లను విద్యార్థులు పంచుకొందురు. చాటించుట, ఆలకించుట, ఎన్నుకొనుట అను పనులను వారే రూపొందింతురు. కోట కట్టుకొనుట, దాటిపోవు బంటును కొట్టుట మొదలగు చిక్కు నియమములు వారి బుద్ధికి సాన పట్టును. ఫలితమును నిర్ణయించుటకు ఆచార్యుని దయాదాక్షిణ్యములతో పనిలేదు. పైన చెప్పిన 20, 400, 8,902 మొదలగు సంఖ్యలు లోకమంతటను అంగీకృతములు. విద్యార్థి వలయము మార్గములను లెక్కించి సరిగా 48,65,609 అని చెప్పినచో ఐదు ఎత్తుల పరీక్షలో నెగ్గినది. ఒక్కటి తగ్గినను, పెరిగినను ఎచ్చటనో తప్పున్నది. చిక్కు నియమములకు వేఱు పరీక్షాస్థితులును గలవు. సిఫారసునకు లొంగని ఇట్టి పరీక్షకుడు మన విద్యాలయములలో ఎందఱు గలరు?

ఇందు ఒక జాగ్రత్త అవసరము. చిప్పు మార్చుకొనదగినదైనను, దానిలో పట్టికలు నింపు ఉపకరణములు చిప్పు చేసిన సంస్థవారివే. ఏ గుర్తు ఏ ఖండమునకు చెందునో వారు చాలవఱకు వెల్లడింపరు. ఇది పెట్టెలోని పెట్టె. దీనికిని విరుగుడు పుట్టినది. ల్యాటిస్ అను సంస్థవారి చిన్నజాతి చిప్పు గుర్తులను కొందఱు స్వచ్ఛందసేవకులు ఓర్పుతో ఒక్కొక్కటిగా కనిపెట్టి, 2015లో ఐస్‌స్టార్మ్ అను పేర తెఱచిన ఉపకరణములను లోకమునకు ఇచ్చిరి. మన కళాశాలలు ఇట్టివానిని ముందుగా చేపట్టవలెను. తెఱచిన విద్య మన దేశమున చెల్లదనువారికి మద్రాసు ఐఐటీవారి శక్తి ప్రాసెసరులు సమాధానము. ఆ రూపకల్పనలను ఎవ్వరైనను తీసికొని వాడుకొనునట్లు వారు ప్రకటించిరి. 2018లో చిప్పులుగను వెలువడినవి.

కావున విద్యాలయముల అధికారులకు నా మనవి మూడు మాటలు. ప్రతి జిల్లాలోను ఒక కళాశాలయైనను ఈ వలయమును విద్యార్థులచేత కట్టింపవలెను. కట్టినదానిని, పటములతోను, వ్రాతతోను, చేసిన తప్పులతోను సహా, ఎవ్వరైనను తీసికొని ముందునకు నడపుటకు అనుమతి నిచ్చుచు ప్రకటింపవలెను. దానిని తెలుగున వివరించి చిన్న పుస్తకముగా వ్రాసి గ్రంథాలయములకు పంపవలెను. మూడవ మాట మొదటి రెంటికంటె చిన్నది కాదు. పదవ తరగతి చదువు బాలుడు పఠనమందిరపు బల్లమీద ఆ పుస్తకమును విప్పి, ఏనుగు సంకేతము ఖాళీ గడిని దాటి పోవుటయు, గుఱ్ఱము సంకేతము ఎవ్వరిని లెక్కచేయక దుమికిపోవుటయు చూచినచో, చిప్పు అనగా మాయ కాదనియు, మనుష్యుడు ఆలోచించి వేసిన తీగలనియు గ్రహించును. ఆ గ్రహింపు కలిగినవాడు చక్రముల వెనుక దాగిన మనుష్యుని చూచి మోసపోడు.

మన పూర్వులు చదరంగమును కనిపెట్టి దాచుకొనలేదు. దాచుకొనియుండినచో అది ఏ రాజాస్థానముననో పుట్టి అచ్చటనే గిట్టియుండును. సముద్రములు దాటి పరుల చేతులలో పెరిగినది గనుకనే నేటికిని జీవించియున్నది. ఆ ఆటను ఆడు యంత్రముల విద్యను దేశాంతరములనుండి నేర్చుకొనుట మనకు అవమానము కాదు. నేర్చినదానితో మన చేతులమీదుగ ఒక్క వలయమైనను కట్టి లోకమునకు తిరిగి ఇయ్యకుండుటయే లోపము. పలక మన యెదుట నున్నది. చిప్పు అంగడిలో నున్నది. లెక్క సరియో తప్పో చెప్పు పరీక్షయు సిద్ధముగనున్నది. ఎత్తు వేయవలసిన వంతు మన విద్యాలయములది.